బలరామ్‌కి ఓ కార్డు: ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్, చివరి వారం

ముందు అసలు పనేమిటో రాసుకుంటాను. నా దగ్గర పాత ఫుట్‌బాల్ కార్డులు నాలుగు పెట్టెలున్నాయి. ఎక్కువ భాగం 1920, 30ల నాటి ఇంగ్లీషు సిగరెట్ కార్డులు, అంటే సిగరెట్ ప్యాకెట్లలో వచ్చే ఆటగాళ్ల బొమ్మలు. తర్వాత 60ల నాటి బబుల్‌గమ్ కార్డులు. ఇంకో పెట్టెలో మెక్సికో 70 ప్రపంచ కప్ నుంచి మొదలుపెట్టి పానినీ కంపెనీ ఆల్బమ్ బొమ్మలు. ఇంగ్లండ్ రెండో డివిజన్‌లో నాలుగేళ్లు ఆడి, ఆ తర్వాత ఎవరికీ గుర్తులేకుండా పోయిన హాఫ్‌బ్యాక్‌కి కూడా వీటిలో కార్డుంది. వెనక్కి తిప్పితే ఏ ఊరివాడో, ఎంత ఎత్తో, ఏ క్లబ్బు నుంచి ఏ క్లబ్బుకి వెళ్లాడో అన్నీ ఉంటాయి. అదే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లిన మనవాళ్లవి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చినవాళ్లవి ఆ కాలం నాటి కార్డు ఒక్కటీ నాకు ఇంతవరకూ దొరకలేదు.

కాబట్టి నేనే చేస్తున్నాను. అచ్చం సిగరెట్ కార్డు కొలతలోనే, ముందు బొమ్మ, వెనక తెలుగులో వివరం. మొదటి సెట్టు పది కార్డులు. పదిమందీ హైదరాబాద్ మైదానాల్లోంచి వచ్చినవాళ్లే: అప్పటి భారత జట్టు కోచ్ రహీమ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, తంగరాజ్, బలరామ్, యూసుఫ్ ఖాన్, నయీముద్దీన్, హబీబ్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్.

విశాఖలో కూర్చుని హైదరాబాద్ సెట్టేమిటని ఇంట్లో అడిగారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది 1956 నవంబరు 1న. మెల్‌బోర్న్ ఒలింపిక్స్ మొదలైంది అదే నెల 22న. రాష్ట్రం పుట్టిన సరిగ్గా నెలకి, డిసెంబరు 1న, ఆ కుర్రాళ్లు అక్కడ మొదటి మ్యాచ్ ఆడారు. వాళ్లు మనవాళ్లు కాకుండా ఎలా పోతారు?

మే, మొదటి వారం

కొత్తవి చేసేముందు ఉన్నవి చక్కబెట్టుకోవాలి. మాది పెదవాల్తేరు. బీచ్ గాలి నేరుగా ఇంట్లోకే వస్తుంది. ఒంటికి హాయే గానీ కాగితానికి కాదు. చిన్న డిజిటల్ తేమ మీటరు కొని బీరువాలో పెడితే 78 శాతం చూపించింది. పాత కాగితానికి యాభై అటూఇటూ ఉంటే మేలు. గదంతా ఆ మట్టానికి దించాలంటే ఏసీ రాత్రింబవళ్లు తిరగాలి, మనవల్ల కాదు. అందుకని గదిని వదిలేసి డబ్బాల మీద దృష్టి పెట్టాను. మూతకి రబ్బరు అంచున్న డబ్బాలు తెచ్చి, ఒక్కోదాంట్లో పల్చటి గుడ్డసంచిలో సిలికా జెల్ వేశాను. నారింజ రంగు గింజల రకం. తేమ పీల్చుకుని నిండిపోతే రంగు మారి చెబుతుంది. ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర వేడిచేస్తే మళ్లీ పనికొస్తుంది. డబ్బాలో మీటరు ఇప్పుడు 50 దగ్గర నిలబడింది.

కలరా ఉండలు వెయ్యమంది అమ్మ. బట్టలకైతే సరే, కార్డులున్న చోట వద్దు. ఆ ఆవిరికి కొన్ని రకాల ప్లాస్టిక్కులు మెత్తబడతాయి, పైగా ఆ వాసన కాగితాన్ని ఓ పట్టాన వదలదు. పాత ఆల్బమ్‌లోని పీవీసీ జేబులు కూడా తీసేస్తున్నాను. ఏళ్లు గడిచేకొద్దీ పీవీసీ జిడ్డు వదులుతుంది, కార్డు మీది సిరా దానికి అంటుకుపోతుంది. వాటి బదులు పాలీప్రొపిలీన్ జేబులు. చేత్తో తడిమితే రెండింటికీ తేడా తెలిసిపోతుంది. పీవీసీ మెత్తగా సాగుతూ ఘాటుగా వాసనేస్తుంది, ఇది కాస్త బిరుసుగా ఉండి కరకరమంటుంది.

మే, నెలాఖరు

హుద్‌హుద్ తుపానులో తడిసిన కట్ట బయటికి తీశాను. 2014 అక్టోబరు 12న మా కిటికీ అద్దాలు ఎగిరిపోయి వాన గదిలోకి అడ్డంగా కొట్టింది. బీరువా పై అరలోని కార్డుల కట్ట ఒకటి పూర్తిగా తడిసింది. 1930ల చివర్లో వచ్చిన కొన్ని సెట్లకి వెనకాల జిగురు పూసి ఉంటుంది. తపాలా బిళ్లలా తడిపి ఆల్బమ్‌లో అతికించుకోడానికి అలా చేసేవారు. ఆ జిగురు కరిగి, మళ్లీ ఆరి, కట్టంతా ఒకే దిమ్మ అయిపోయింది. ఎలా విడదియ్యాలో తెలిసేదాకా ముట్టుకోకుండా ఉంచాను.

పద్ధతి ఇది. వెడల్పాటి డబ్బా అడుగున తడిపి పిండిన బ్లాటింగ్ పేపరు పరవాలి. దానిమీద నాలుగు సీసా మూతలు, వాటిమీద ప్లాస్టిక్ జాలీ, జాలీ మీద కార్డుల దిమ్మ. నీటి చుక్క కార్డుకి తగలకూడదు, తేమ మాత్రమే అందాలి. మూత పెట్టి వదిలేస్తే జిగురు మెల్లగా మెత్తబడుతుంది. అప్పుడప్పుడూ తీసి, అంచు దగ్గర పల్చగా చెక్కిన వెదురు పుల్లని దూర్చి చూడాలి. కదిలితే కదిలినంత మేరకే. కదలకపోతే మళ్లీ లోపల పెట్టడమే, బలవంతం చేస్తే కింది కార్డు బొమ్మ పై కార్డు జిగురుతో లేచి వచ్చేస్తుంది. ఊడిన కార్డుని జిగురు వైపు బేకింగ్ పేపరు, బొమ్మ వైపు పొడి బ్లాటింగ్ పేపరు పెట్టి, పైన బరువు ఉంచాలి. తేమ ఎక్కువసేపు నిలిస్తే బూజు పడుతుంది కాబట్టి దగ్గరుండి చూసుకోవాల్సిన పని. ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాను.

మధ్యాహ్నానికి మొదటి కార్డు ఊడొచ్చింది. స్టాన్లీ మాథ్యూస్. స్టోక్ సిటీ ఎరుపు తెలుపు నిలువు చారల చొక్కా, నున్నగా దువ్విన జుట్టు. ఎడమ మూల రంగు కొంచెం పోయింది, ముఖం చెక్కుచెదరలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఈయన తండ్రికి క్షౌరశాల ఉండేది, బాక్సింగ్ కూడా చేసేవాడు. 1953 ఎఫ్ఏ కప్ ఫైనల్లో బ్లాక్‌పూల్ 1–3తో వెనకబడినప్పుడు మాథ్యూస్ కుడి అంచు మీద విజృంభించాడు. బ్లాక్‌పూల్ 4–3తో గెలిచింది. హ్యాట్రిక్ మోర్టెన్సన్‌ది, అయినా జనం దాన్ని మాథ్యూస్ ఫైనల్ అనే పిలుస్తారు. యూరప్‌లో ఏటా మేటి ఆటగాడికిచ్చే బాలన్ డోర్ 1956లో మొట్టమొదట ఆయనకే ఇచ్చారు. చివరి లీగ్ మ్యాచ్ 1965 ఫిబ్రవరి 6న, యాభై ఏళ్లు నిండిన ఐదు రోజులకి. కార్డు మీద మాత్రం ఇంకా కుర్రాడే. ముందున్న ఆ పాతికేళ్ల ఆట గురించి కార్డు వెనక రాసినవాడికి ఏమీ తెలీదు. పాత కార్డుల్లో నన్ను కట్టిపడేసేది ఇదే. కెరీర్ మధ్యలో ఎక్కడో ఆగి, అక్కడిదాకా తెలిసిందే చెబుతాయి.

మాథ్యూస్ పక్కన బలరామ్ పెన్సిల్ స్కెచ్ పెట్టి చూశాను. బలరామ్ ఆట ఇరవై ఏడేళ్లు వచ్చేసరికే ముగిసిపోయింది.

జూన్

బొమ్మలు మా మేనకోడలు వేస్తోంది. ఆంధ్రా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ చదువుతోంది. పాత పత్రికల్లోని ఫొటోలు చూసి నీటిరంగుల్లో వెయ్యడం. మన చట్టం ప్రకారం అచ్చయిన ఫొటోకి అరవై ఏళ్ల దాకా హక్కులుంటాయి, కాబట్టి జకార్తా నాటి ఫొటోలకి ఇబ్బంది లేదు. 70ల నాటివి మాత్రం నేరుగా దించకూడదు. నాలుగైదు ఫొటోల్లో ముఖం గమనించి, భంగిమ తనే ఊహించి వెయ్యాలని ముందే అనుకున్నాం.

“మావయ్యా, అన్నీ నలుపు తెలుపే. చొక్కాకి ఏ రంగు వెయ్యమంటావు?” అని అడిగింది. మంచి ప్రశ్న. తెలియని రంగు వెయ్యకూడదని నియమం పెట్టుకున్నాం. బలరామ్ 1957 నుంచి కలకత్తా క్లబ్బు ఈస్ట్ బెంగాల్‌కి ఆడారు. ఆ క్లబ్బు రంగులు ఎరుపు, పసుపు అని లోకమంతటికీ తెలుసు. కాబట్టి బలరామ్‌కి ఎరుపు పసుపు చొక్కా. మొదటి బొమ్మలో గడ్డం కొంచెం బరువుగా వచ్చిందని తనే చింపేసి మళ్లీ వేసింది. రెండోది చూడగానే ఇద్దరం ఒప్పేసుకున్నాం. తల కాస్త వంచి, బంతి ఎడమకాలి దగ్గర, కళ్లు మాత్రం ఎదుటివాడి మీద.

ఇక వెనకవైపు. ఇక్కడే ఎక్కువ కాలం పట్టింది. సిగరెట్ కార్డు 68 మిల్లీమీటర్ల పొడుగు, 36 వెడల్పు. మెత్తటి సిగరెట్ ప్యాకెట్టు నలక్కుండా లోపల పెట్టిన అట్టముక్క ఇది, తర్వాత దానిమీద బొమ్మలొచ్చాయి. ఇంగ్లీషువాళ్లు చీమల్లాంటి అక్షరాలతో ఇంత జాగాలోనే ఓ పెద్ద పేరా కుక్కేసేవారు. తెలుగుకి అలా కుదరదు. అక్షరం సైజు ఆరు పాయింట్లలో పెడితే ఒత్తులు పూడిపోతున్నాయి, లైన్లు దగ్గరగా జరిపితే పై లైన్లోని ‘స్ట’ ఒత్తు వచ్చి కింది లైన్లోని గుడికి తగులుతోంది. ఏడున్నర పాయింట్లు, లైన్ల మధ్య పది. దీనికి తగ్గితే చదవలేం. అప్పుడు కార్డుకి ఎనిమిది లైన్లు పడతాయి. ఎనిమిది లైన్లంటే నలభై మాటలు కూడా కష్టమే.

ఓ మనిషి ఆటనంతా నలభై మాటల్లో చెప్పాలి. ఎత్తు, బరువు తీసేశాను. గోల్స్ లెక్కలు రాసేవాళ్లని బట్టి మారుతున్నాయి కాబట్టి అవీ తీసేశాను. ఇలా తేలింది:

“తులసీదాస్ బలరామ్, 1936–2023. ఊరు: అమ్ముగూడ, సికింద్రాబాద్. ఫార్వర్డ్. మెల్‌బోర్న్ 1956, రోమ్ 1960 ఒలింపిక్స్. రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్. జకార్తా 1962 స్వర్ణం. అర్జున 1962. క్లబ్బు: ఈస్ట్ బెంగాల్. ప్రాక్టీసుకి అద్దె సైకిల్ మీద వచ్చేవారు, అద్దె రహీమ్ సాబ్ ఇచ్చేవారు. అనారోగ్యంతో 1963లో ఆట మానేశారు.”

సైకిల్ వాక్యం ఉంచాలా, తియ్యాలా అని ఇంట్లో చర్చ నడిచింది. తీస్తే ఇంకో టోర్నమెంటు పేరు పడుతుంది. నేను ఒప్పుకోలేదు. టోర్నమెంట్ల పేర్లు ఎక్కడైనా దొరుకుతాయి. అమ్ముగూడ నుంచి ఊళ్లోకి రావడానికి చేతిలో డబ్బుల్లేని కుర్రాడు, వాడి కాళ్లలోని ఆట కనిపెట్టి సైకిల్ అద్దె పెట్టుకున్న మాస్టారు ఈ కార్డు మీద ఉండాల్సిందే.

జట్టు పేరు దగ్గర ఇంకో చిక్కు. 1956–57, 57–58 సంతోష్ ట్రోఫీలు (రాష్ట్రాల జట్ల జాతీయ పోటీ) గెలిచింది హైదరాబాద్ పేరుతో. 1965–66లో గెలిచింది ఆంధ్రప్రదేశ్ పేరుతో. ఆడినప్పుడు జట్టుకి ఏ పేరుంటే కార్డు మీద అదే వేస్తున్నాను.

జూన్ చివర

డాబాగార్డెన్స్‌లో ప్రెస్సుకి వెళ్లాను. “గురూగారూ, విజిటింగ్ కార్డు సైజు చేసేద్దాం, కటింగ్ తేలిక” అన్నారు ప్రెస్సాయన. సైజు మారిస్తే మాథ్యూస్ పక్కన బలరామ్ పట్టడు, ఒకే ఆల్బమ్‌లో ఒకే జేబుల్లో ఇద్దరూ కూర్చోవాలన్నదే నా పట్టుదల. జేబులోంచి అసలు కార్డు తీసి చూపించాక ఆయనకీ హుషారొచ్చింది. వేలితో అంచు తడిమి, “ఇది మిషన్ మీద ఎంత శుభ్రంగా తెగిందండీ!” అన్నారు.

మెరుపు లేని 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే) బోర్డు తీసుకున్నాం. గ్రెయిన్, అంటే కాగితంలో నారల వరస, కార్డు పొడుగు వైపే ఉండాలని ఆయనే గుర్తుచేశారు. అడ్డంగా ఉంటే మన ఊరి తేమకి నిలువునా విల్లులా వంగుతుందట. ప్రూఫ్ కార్డులు రెండు రకాలూ కోయించి తెచ్చి బాల్కనీలో పెట్టాను. తెల్లారేసరికి ఆయన మాటే నిజమైంది.

జులై

వానలు మొదలయ్యాయి. జ్ఞానాపురంలో ఓ పెద్దాయన దగ్గర కార్డులున్నాయని తెలిసి వెళ్లాను. ఓడల మీద పనిచేసి రిటైరయ్యారు. బిస్కట్ల రేకు డబ్బా నిండా పానినీ బొమ్మలు, గమ్ కార్డులు, లివర్‌పూల్‌లో కొన్న సిగరెట్ కార్డులు కొన్ని. ఈ సిగరెట్ కార్డుల్లో తర్వాతి కాలంలో వేసిన రీప్రింట్లు చాలా తిరుగుతుంటాయి. చూపుకి తేడా తెలియదు. తెలుసుకునే దారి యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చి. 1950 ప్రాంతం నుంచీ కాగితం తెల్లగా కనబడ్డానికి కలిపే రసాయనం యూవీ కాంతికి నీలంగా వెలుగుతుంది. 1920ల అట్ట వెలగదు, మసకగా ఉండిపోతుంది.

లైటు ఆర్పి టార్చి వేస్తుంటే ఆయన పక్కకొచ్చి కూర్చున్నారు. “ఏటి బాబూ, దొంగనోట్లు చూసినట్టు చూస్తన్నావు?” అన్నారు. సంగతి చెప్పాను. కొన్ని వెలిగాయి, ఎక్కువ వెలగలేదు. వెలిగినవాటిని విడిగా పెట్టి, వెనక పెన్సిల్‌తో ‘రీప్రింటు’ అని రాసివ్వమన్నారు. తన తర్వాత ఎవరూ మోసపోకూడదట.

మాటల్లో హబీబ్ పేరొచ్చింది. అంతే, డబ్బా పక్కన పెట్టేశారు. 1977 సెప్టెంబరు 24న ఆయన ఓడ కలకత్తాలో ఉంది. ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడే న్యూయార్క్ క్లబ్బు కాస్మోస్‌కీ, కలకత్తా క్లబ్బు మోహన్ బగాన్‌కీ మ్యాచ్. “టికెట్టు దొరకనేదు బాబూ. బయట టీ బడ్డీ కాడ రేడియో చుట్టూ నిలబడ్డాం. హబీబ్ గోలు కొట్టాడనగానే పక్కనున్నోడు నన్ను ఎత్తేసినాడు. నాకు వోడెవుడో తెల్దు, ఆడికి నేనెవుణ్ణో తెల్దు. మనోడేరా, హైదరాబాదోడు అని నేను తెలుగులో అరుత్తన్నాను.” ఆ మ్యాచ్ 2–2తో ముగిసింది. మోహన్ బగాన్ గోల్స్ శ్యామ్ థాపావి, హబీబ్‌వి. చివర్లో పెనాల్టీతో కాస్మోస్ సమం చేసింది. ఆ పెనాల్టీ సరైనదేనని ఆ పెద్దాయన ఇప్పటికీ ఒప్పుకోరు.

హబీబ్ కార్డుకి ఏ చొక్కా వెయ్యాలో అప్పటిదాకా తేల్చుకోలేదు. కలకత్తాలో మూడు పెద్ద క్లబ్బులకీ ఆడిన మనిషి. ఆ రోజు తేలిపోయింది. మోహన్ బగాన్, మెరూన్ ఆకుపచ్చ.

ఆగస్టు 15

హబీబ్ పోయింది 2023లో ఇదే రోజున. ఆయన కార్డు ఇవాళే రాయాలని ఆపి ఉంచాను. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల కాంస్యం, అర్జున 1980, కాస్మోస్ మీద గోలు, ముద్దుపేరు బడే మియా. ఇవన్నీ పెట్టాక ఇంకో లైను మిగిలింది. అందులో తమ్ముడు అక్బర్‌ని ఎక్కించాను. 1976లో ఈస్ట్ బెంగాల్‌తో మ్యాచ్ మొదలైన 17 సెకన్లకే మోహన్ బగాన్ తరఫున గోలు కొట్టినవాడు. అక్బర్‌కి రెండో సెట్టులో సొంత కార్డు ఇవ్వాలి, అప్పటిదాకా అన్న కార్డులో ఉంటాడు.

నయీముద్దీన్, షబ్బీర్ అలీ కార్డులు ఒక్క సాయంత్రంలో అయిపోయాయి. బ్యాంకాక్ కాంస్యం నాటి కెప్టెన్ నయీమ్. 1974లో ఇరాన్‌తో కలిసి ఆసియా యూత్ టైటిల్ పంచుకున్న జట్టుకి కెప్టెన్ షబ్బీర్. వీళ్లిద్దరి గురించి వివాదం లేని వివరాలు కావలసినన్ని ఉన్నాయి.

సెప్టెంబరు 4

జకార్తా ఫైనల్ జరిగిన తేదీ. మొదటి ప్రింటు ఇవాళ చేతికొచ్చింది. పదింటిలో ఏడు.

రహీమ్ సాబ్ కార్డు నంబరు ఒకటి. ఆయన గురించి నలభై మాటలు చాలవు. స్కూలు టీచరు. 1950 నుంచి 54 వరకూ వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన తయారుచేసిందే. జకార్తాలో మొదటి మ్యాచ్ దక్షిణ కొరియా మీద 0–2తో ఓడాం. థాయ్‌లాండ్‌తో ఆడుతూ జర్నైల్ సింగ్ తల పగలగొట్టుకున్నాడు. కుట్లు వేసిన డిఫెండర్ని కూర్చోబెట్టకుండా సెమీఫైనల్లో ఫార్వర్డ్‌గా దింపారు రహీమ్. దక్షిణ వియత్నాం మీద 3–2తో గెలిచాం, అందులో జర్నైల్ గోలు ఉంది. ఫైనల్లో మళ్లీ అదే కొరియా. స్టేడియంలో జనం మనకి వ్యతిరేకంగా అరుస్తున్నారు. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి, 2–1. కొరియా గోలు ఆట ముగిసే ముందు వచ్చింది. ఆపై తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, రహీమ్ క్యాన్సర్‌తో పోయారు. కార్డు మీద చివరి లైన్లో జకార్తా పెట్టి ఆపేశాను. మరణం తేదీ పైన పేరు పక్కనే సంవత్సరాల్లో ఉంది, చాలు.

ఏడు కార్డులూ టార్చి కింద పెట్టి చూశాను. కొత్త బోర్డు కాబట్టి నీలంగా బాగా వెలుగుతున్నాయి. మంచిదే. వీటిని ఎవరూ పాత కార్డులని అమ్ముకోలేరు. పైగా అడుగున ముద్రించిన సంవత్సరం, ‘విశాఖపట్నం’ అని వేశాం.

మిగిలినవి మూడు. గోల్‌కీపర్ తంగరాజ్ బొమ్మ పూర్తవలేదు. ఫొటోలన్నిటిలో గాల్లో ఎగురుతూనే ఉన్నాడు, 36 మిల్లీమీటర్ల వెడల్పులో అంత పొడగరి చేతులు పట్టడం లేదు. కార్డుని అడ్డంగా తిప్పి వేస్తానంటోంది మేనకోడలు. ఇంగ్లీషు సెట్లలో గోల్‌కీపర్లకి అలా చెయ్యడం చూశాను, సరే అన్నాను. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్‌లకి ముఖం స్పష్టంగా ఉన్న ఫొటో కావాలి. ఇద్దరూ 1952 హెల్సింకీ, 1956 మెల్‌బోర్న్ రెండు ఒలింపిక్స్‌కీ వెళ్లినవాళ్లు, కానీ నాకు దొరికినవన్నీ గ్రూపు ఫొటోలే, ముఖాలు మినపగింజంత ఉన్నాయి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు నాటి ఫొటో ఎవరింట్లోనైనా గోడ మీద ఉంటే ఫోనుతో తీసి పంపినా చాలు, ఫ్రేము విప్పక్కర్లేదు. అద్దం మీద వెలుగు పడకుండా కొంచెం పక్కనుంచి తియ్యండి.

హబీబ్ కార్డు ఒకటి రేపు జ్ఞానాపురం తీసుకెళ్తున్నాను. మిగతా మూడు కార్డులు ప్రెస్సుకి దసరా తర్వాత.